గొల్యాతు చెప్పిన నిజం

ధరూర్,
ఆదివారం, మధ్యాహ్నం.

ప్రియమైన సారమ్మకు,

ప్రభువు పేరట నీ భర్త జయరాజు రాసుకునేది. ఇక్కడ మేమందరం క్షేమం. మేమందరం అంటే నేను, రెండు మేకలు, ఆ నల్లకోడి. గీత సెలవుకు వచ్చి ఇందాకే బస్సెక్కి హాస్టలుకు పోయింది. అక్కడ నువ్వు, అరుణ్, కోడలు, పసివాడు బాగున్నారని తలుస్తాను. చేతిలో ఫోనుండగా ఈ ముసలాయనకు ఉత్తరాలెందుకని కోడలు నవ్వుతుందేమో. ఆ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. నేనిక్కడ దగ్గితే పుణెలో మీ పక్కింటివాళ్ళు మందు చెబుతారు. ఇవాళ రాసేది అట్లా పదిమందిలో వినేది కాదు. బైబిలు చదవడానికని నువ్వు నేర్చుకున్న అక్షరాలు నా రాతకు కూడా పనికొస్తున్నాయి కనుక, పనులన్నీ అయినాక ఒక్కదానివే కూర్చుని చదువు.

ముందు నువ్వు అడిగినవి. రేకుల మీద చిల్లుకు తారు పూశాను. ఆ తర్వాత వాన పడలేదు కనుక నా పనితనం ఇంకా రుజువు కాలేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. గీత మోకాలు బాగైంది. ఆటో గోవిందు మనింటికి వస్తున్నాడా, వాడి బిడ్డ సౌందర్య ఏం చేస్తున్నదని అడిగావు. గోవిందు రావడం లేదు. సౌందర్య పత్తి ఏరడానికి పోతున్నది. ఎందుకని అడుగుతావు కనుక మొదటినుంచీ చెబుతాను. నీకు తెలిసిన సంగతులు కూడా కలుస్తాయి, ఓర్చుకో. తెలిసినది కాసేపు చెబితే తప్ప తెలియనిది చెప్పడానికి నాకు నోరు రాదు.

ఈ బేస్‌బాల్ అనేది మన పిల్లలకు నాగేశ్ సారు తగిలించిన ఆట. బడిలో ఆటలు నేర్పడానికి వచ్చిన కొత్తలో ఆయన మనింటి ముందు నిలబడి, "జయన్నా, క్రికెట్‌ల మనోళ్ళ దాంక వంతు రాదే. దీంట్ల జిల్లా టీముకు ఆడేటోళ్ళే లేరు. నీ బిడ్డను పంపు" అన్నాడు. ఆయన చేతిలో ఉన్న కట్టె చూసి నేను, "ఏంది సార్ ఇది, చిర్రగోనె పెద్దగైనట్టుంది" అన్నాను. "చిర్రగోనె అనే అనుకో. కాకపోతే దీనికి సర్టిఫికెట్ ఇస్తరు" అన్నాడాయన. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. చిన్నప్పుడు బిళ్ళ ఎగరగొట్టుకుంటూ చిర్రగోనె ఆడినందుకు మా నాయన నాకిచ్చిన సర్టిఫికెట్టు ఇంకా వీపు మీదుంది.

గోవిందు బిడ్డ సౌందర్య బంతి విసిరేది. మన గీత ముఖానికి జాలీ కట్టుకుని, కొట్టేవాళ్ళ వెనకాల గొంతు కూర్చుని పట్టేది. ఎట్లాంటి బంతి కావాలో మోకాళ్ళ నడుమ వేళ్ళతో సైగ చేసేది. సౌందర్య తల ఊపి అదే విసిరేది. ఎండలో పత్తి ఏరేటప్పుడు కూడా ఇద్దరూ చాళ్ళకు అటూ ఇటూ ఉండి ఆ వేళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళు. వనపర్తిలో గెలిచిన రోజు, నాగర్‌కర్నూల్‌లో ఓడిన రోజు, రెండు రోజులూ గోవిందు ఆటోలోనే టీమంతా పోయి వచ్చింది. పిల్లలంతా నువ్వు చేసిన జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు తిన్నారు. గెలిచిన రోజుకన్నా ఓడిన రోజే ఎక్కువ తిన్నారు.

ఇక నా సినిమా. పెళ్ళిళ్ళలో వీడియోవాళ్ళ వెనక లైటు పట్టుకుని తిరిగినవాణ్ణి. సినిమా తీయడం నాకు ఎవరూ నేర్పలేదు. లైటు పట్టుకున్నవాడు మెడ నొప్పితో ఊరికే నిలబడతాడని అందరూ అనుకుంటారు కాని, వాడు చూసినంత పెళ్ళికొడుకు కూడా చూడడు. అట్లా చూసి నేర్చుకున్న విద్యతో, పోయిన క్రిస్మసు ముందు మన పత్తిచేనులో దావీదు కథ ఫోనుతో తీశాను. దావీదుకు ఒడిసెల బదులు బేస్‌బాల్ ఇచ్చాను, దావీదు మన గీతే కదా. నూనెడబ్బాల రేకు కత్తిరించి గోవిందుకు కవచం కట్టి గొల్యాతును చేశాను. వాడు హిందువైనా, "మీ దేవుని కథల నాకు పెద్ద యేషమే ఇచ్చినవన్నా" అని మురిసిపోయాడు. గీత బంతి మెల్లగా వేయాల్సింది గట్టిగా వేసింది. అది భుజం మీద తగిలి వాడు నిజంగానే పడ్డాడు. అంత బాగా పడినవాణ్ణి నేను పెద్ద తెరమీద కూడా చూడలేదు.

అక్కడితో ఆపితే బాగుండేది. నాకు ముగింపు గట్టిగా ఉండాలని ఆశ. ఆ నెలలోనే కాలువలో గీత తీసుకున్న బాప్తిస్మం కూడా తీశాను కదా, దాన్ని చివర అతికించాను. మొదటిసారి సంఘం అయ్యగారు ముంచినప్పుడు ఎవరిదో ఫోను వచ్చి రికార్డింగు ఆగిపోయింది. నేను ఒడ్డునుంచి, "అయ్యగారూ, జర మల్లొక్కసారి" అన్నాను. నువ్వు నా చెయ్యి గుంజి, "దేవునికి ఒక్కసారి సరిపోతదయ్యా, నీకే సరిపోలే" అన్నావు. అయినా ముంచారు. మొత్తం కలిపి నెట్టులో పెట్టాను. ఊరంతా చూసింది. నేను కొన్నాళ్ళు మనిషిలాగ నడవలేదు, డైరెక్టరులాగ నడిచాను.

ఎండాకాలం పోయినాక ఇద్దరు పిల్లలూ ఆటల టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టారు. ఆటగాళ్ళ కోటాలో ఎస్సీలకు ఉన్నది ఒక్క సీటు. అది గీతకు వచ్చింది. లిస్టులో ఆ వెనక పేరే సౌందర్యది. అప్పటికి నువ్వు కోడలి కాన్పుకు పుణె పోయావు.

ఒక సాయంత్రం గోవిందు మనింటికి వచ్చాడు. ఆటో దూరంగా ఆపి నడిచి వచ్చాడు.

"జయన్నా, తప్పుగ అనుకోకు. ఏసును నమ్ముకున్నోళ్ళకు వేరే బీసీ లిస్టుంటదంట గద. నీ బిడ్డకు అండ్ల అడగరాదా?"

"అండ్ల ఉన్న సీట్లు నువ్వు చూసినవా? కోడిగుడ్డు మీద ఈకలన్ని లేవు."

"మా పిల్లకు ఇదొక్కటే తొవ్వనే. మీరు ఆయితారం ఒకటి, సోమారం ఒకటైతే ఎట్ల?"

నేను నవ్వి ఏదో హాస్యమాడి పంపేశాను. వాడు నవ్వలేదు. మన కులంలో పుట్టి ఏసుప్రభువును నమ్ముకున్నవాడికి ఎస్సీ కాగితం చెల్లదని చట్టం. ఎన్ని తరాల అంటరానితనం ఉన్నా, మోకాళ్ళూని ప్రార్థన చేసిన రోజే అది కడుక్కుపోతుందని వాళ్ళ లెక్క. ఊళ్ళో మాత్రం మనను పిలిచే పిలుపు మారలేదు. అందుకే మనవాళ్ళంతా కాగితం మీద హిందువులం, ఆదివారం క్రైస్తవులం. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. అడిగేటట్టు నేను సినిమా తీసి పెట్టాను.

గీత ఎస్సీ కాగితం చెల్లదని గోవిందు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాడు. సాక్ష్యంగా ఇచ్చింది నా సినిమానే. విచారణకు రమ్మన్నారు. నీకు ఫోనులో "కాగితాల పని" అన్నాను చూడు, అది ఇదే. సంఘం అయ్యగారి దగ్గరికి పోతే, "నేను అబద్ధమాడలేను జయరాజు, నిజం చెప్పి పిల్ల నోటికాడి ముద్ద కూడా తీయలేను. ఆరోజు నాకు జొరం వస్తది" అన్నారు. చెప్పిన రోజుకు సరిగ్గా వచ్చింది. నాగేశ్ సారే దారి చెప్పాడు. "అన్నా, నువ్వు సినిమాలు తీసేటోనివి. అది గూడ షూటింగే అను. ఐపోతది."

సారమ్మా, ఇక్కడినుంచి నీకు తెలియనిది.

ఆఫీసులో విచారణ చేసే సారు బల్ల మీద ఫోను పెట్టి చూశాడు. గొల్యాతు పడ్డప్పుడు నవ్వాడు. గోవిందును చూసి, "ఇది నువ్వేనా?" అన్నాడు. పక్కవాళ్ళు కూడా నవ్వారు. గోవిందు నవ్వులోంచే మాట్లాడాలని చూశాడు. "సార్, నాది యేషం. కాలువల ముంచింది మాత్రం నిజం సార్. నేను ఒడ్డు మీదున్న. నా కండ్లతోని చూసిన."

సారు నావైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, నిజమా?"

"షూటింగే సార్" అన్నాను. "వినుండ్రి, ముంచేముందు నేనే యాక్షన్ అంటున్న. నిజంగ బాప్తిస్మమైతే ఎవడన్న యాక్షన్ అంటడా?"

మళ్ళీ పెట్టి విన్నాడు. నిజమే, నా గొంతే. రెడీ, యాక్షన్. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. సారు గీతను అడిగాడు. "ఏమ్మా, యాక్టింగేనా?"

ఆ పిల్ల నావైపు చూడలేదు. "మా నాయన ఎట్ల చెయ్యమంటె అట్ల చేసిన సార్" అంది.

అందులో అబద్ధం లేదు. గోవిందు చెప్పినదాంట్లోనూ లేదు. ఆ గదిలో అబద్ధమాడింది నేనొక్కణ్ణే, గెలిచింది కూడా నేనే. అర్జీ కొట్టేశారు.

బయట గోవిందు ఆటో ఎక్కుతూ ఆగాడు. "సీటు పోతె పోయింది తియ్ జయన్నా. నీ సినిమాల నాకు రాక్షసుని యేషమిచ్చినవ్, ఏసిన. ఇయ్యాల నువ్వేసింది ఏం యేషమో నాకు సమజైతలేదు" అన్నాడు. వాడు ఆటోలో రమ్మని కూడా అన్నాడు, ఊరు దూరమని. నేనూ గీతా బస్సు కోసం నిలబడ్డాము.

సినిమా నెట్టులోంచి తీసేశాను, ఫోనులోంచి కూడా. తీసేస్తుంటే "ఖాయమేనా" అని అదొకసారి అడిగింది. నన్నెవరూ అంత మర్యాదగా అడగలేదు ఈ మధ్య.

గీత నా మీద కోపంగా ఏమీ లేదు. ఉంటే బాగుండు. ఇవాళ పొద్దున నేను చొక్కా తొడుక్కుని బైబిలు పట్టుకుని, "పా బిడ్డా, ఆరాధన మొదలైతది" అన్నాను. అది గ్లౌజుకు నూనె రాస్తూ కూర్చుంది.

"నేనెట్ల వస్త నాయనా? ఎవరన్న ఫోన్‌ల తీస్తె?"

"వెనకాల కూసో. ఎవరు చూస్తరు?"

"నువ్వే చెప్తివి గద, మనది షూటింగని. షూటింగైపోయినంక ఎవరన్న సెట్టుకు పోతరా?"

నవ్వుతూనే అంది. నా మాటలాగే అంది, అచ్చం నాలాగ. ఇన్నేళ్ళు ఆ పిల్లకు ఏం నేర్పానా అనుకునేవాణ్ణి. ఇదిగో, ఇది నేర్పాను.

ఒక్కణ్ణే పోయాను. రొట్టె, ద్రాక్షరసం నా ముందుకు వచ్చినప్పుడు తల వంచుకుని, ముట్టకుండానే పక్కవాడికి జరిపాను. అయ్యగారు చూశారు. పాట అందుకున్నారు. ఆయన జ్వరం ఆయనకూ గుర్తుంటుంది కదా.

ఇక నీ ఉత్తరం చివర, అక్షరాలు పెద్దవి చేసి రాసిన సంగతి. గీత సీటు కోసం ఉపవాసముండి ప్రార్థించావని, ప్రభువు చేసిన మేలు చెప్పాలని పోయిన ఆదివారం అక్కడి తెలుగు సంఘంలో లేచి సాక్ష్యమిచ్చావని, అందరూ స్తోత్రం అన్నారని రాశావు. నేనిక్కడ ఇంకా ఎందుకు చెప్పలేదని అడిగావు. ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది. నీ ఉపవాసానికి ఫలితమో, నా నోటికి ఫలితమో నేను తేల్చలేను. తేల్చమని నిన్ను అడగను కూడా. నన్ను తిట్టాలనుకుంటే తీరిగ్గా తిట్టు. నేనెక్కడికీ పోవడం లేదు.

దానికన్నా ముందు ఒక పని చెయ్యి. నువ్వు సాక్ష్యం చెబుతున్నప్పుడు ఎవరైనా ఫోనులో తీశారేమో గుర్తు తెచ్చుకో. గీత పేరు, మన ఊరి పేరు చెప్పావా? ఇప్పుడు ప్రతి సంఘంవాళ్ళూ ఆరాధన నెట్టులో పెడుతున్నారు. పెట్టి ఉంటే నీ ముక్క తీసేయించాలి. ఎందుకు తీయాలని వాళ్ళు అడుగుతారు. నువ్వు నోరు తెరవకు, నీకు అబద్ధం రాదు. అరుణ్‌ను చెప్పమను. నా కొడుకే కదా, వస్తుంది.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి,
జయరాజు.