ఏపుగా ఉన్నవి ఇవ్వలేదు

చంటిదాని అమ్మకు, నేను కులాసా. పొట్టి కొబ్బరి మొక్కలు ఎవరూ కొనకపోతే నర్సరీ మూసి ఇంటికి రమ్మన్నావు. ఇక దిగులు పడకు. నిన్న ఒక రైతు వచ్చి, మడిలో ఏపుగా ఎదిగినవే కావాలన్నాడు. అవి పొడుగు చెట్ల పుప్పొడి పడి సంకరమైనవి, తాటిచెట్టంత అవుతాయి. ఇవ్వనన్నాను.

"అమ్ముకునేవాడివి, నీకెందుకయ్యా?"

"ఇస్తే రేపు నిచ్చెన కూడా నన్నే అడుగుతారు బాబూ."

పకాలున నవ్వి, మడిలో మిగతా పొట్టి మొక్కలన్నీ కొని బండికెక్కించుకున్నాడు.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా? చంటిదానికి దగ్గు తగ్గగానే ఇద్దరూ బయల్దేరండి. పాత గోనెసంచులు తీసుకురా. నర్సరీ పక్కనే రెండు గదులు మాట్లాడాను. పొయ్యి ఏ గదిలో పెట్టాలో నాకు తేలడం లేదు, నువ్వొచ్చి చెప్పు. పిల్లకు నా దీవెనలు.