నీళ్లు పోయని బండ

ఎర్రగుంట్ల, 2008 మే, శుక్రవారం

బెంగుళూరు ఇంజనీరు ఈ రోజు మళ్లీ ఫోన్ చేశాడు. పోయిన నెల మా బండల ఫ్యాక్టరీ వెబ్‌సైట్లో ఫోటో చూసి నల్ల బండలు తెప్పించుకుని, తీరా దించాక బూడిద రంగులో ఉన్నాయని నన్ను మోసగాడన్న మనిషే. ఫ్యాక్టరీకి వచ్చి కొనేవాళ్లకు బండ మీద నీళ్లు పోసి రంగు చూపించడం ఇక్కడ అందరికీ అలవాటు. ఆరితే ఆ నలుపు తగ్గుతుందని వాళ్లకూ తెలుసు. ఫోటోకూ అలాగే పోశాం. ఫోటోలో బండ నలుపు కనపడింది కానీ నీళ్లు కనపడలేదు.

ఆ మాట పడ్డాక పంతం పట్టి, ఉన్న బండలన్నీ ఆరబెట్టి మళ్లీ ఫోటోలు తీసి పెట్టాను. అన్న చూసి, "నీళ్లు పోయకుండా బండ చూపిస్తారేమిరా యాడన్నా?" అన్నాడు. నేను వినలేదు.

ఈ రోజు ఆ ఇంజనీరే అంటాడు, "మీ సరుకు ఈసారి మరీ వెలిసిపోయినట్టుందప్పా. మీ పక్క ఫ్యాక్టరీ వాళ్ల ఫోటోలు చూశాను. నలుపంటే అది. వాళ్లకే ఆర్డర్ ఇచ్చేశా."

వాళ్లకూ మాకూ రాయి వచ్చేది ఒకే గని నుంచి. ఆ మాట చెప్పబోతే ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం అన్న కెమెరా నా చేతికిచ్చి, నీళ్ల పైపు బండల మీదికి తిప్పాడు.

ఫోటోలు చాలా బాగా వచ్చాయి.