సున్నం గీసిన తలుపు

జుఫైర్, బహ్రెయిన్

నాన్నకి, నాయనమ్మకి సత్యవతి నమస్కారాలు.

ఇంత తొందరగా ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. నాతోపాటు మేడమ్ ఇంట్లో పనిచేసే వంటావిడ రత్తమ్మ పిన్ని వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఇండియా వెళ్ళిపోతోంది. ఆమె అడిగిన ఒక్క మాటకి జవాబు నాయనమ్మ దగ్గరే ఉంది. నాన్నా, ఈ ఉత్తరం పోస్టుమేన్ చేత చదివించకు. చెల్లి కూడబలుక్కుని చదువుతుందని పెద్ద అక్షరాలు రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. నీ దగ్గు తగ్గిందా? ఇక్కడ ఎండకి కుళాయి నీళ్ళు పొద్దున్నే కాగిపోతున్నాయి. మేడమ్ మంచిదే, తిండికి లోటు లేదు. బెంగపడకండి.

పోయిన వారం పిన్నికి జ్వరం వచ్చింది. గంజి కాచి తీసుకెళ్తే మాటల్లో మన ఊరి పేరు అడిగింది. చెప్పాను. మా ముత్తాత నాటువైద్యుడని గొప్పగా కూడా చెప్పాను. ఆమె గిన్నె పక్కకి నెట్టేసింది.

"సున్నం వైద్యుడి మునిమనవరాలివా? ఇన్నాళ్ళూ నీ పక్కనా పడుకున్నాను! నీ చేతి గంజి నాకొద్దే తల్లీ."

తర్వాత ఆమే చెప్పింది. అడవి కొట్టి మన ఊళ్ళో మొదటి గుడిసెలు వేసిన రోజుల్లో కలరా వచ్చిందట. మరో వైద్యుడు లేడు. ముత్తాతే ఇల్లిల్లూ తిరిగి మందు పోసేవాడట. అందరూ పోయిన ఇంటికి బయట గొళ్ళెం పెట్టి, తలుపు మీద సున్నంతో అడ్డగీత గీసేవాడట. గీత ఉంటే ఆ గుమ్మం ఇక ఎవరూ తొక్కరు. అలా గీసిన ఒక ఇంట్లో పిన్ని వాళ్ళ అమ్మమ్మ బతికే ఉందట; పసిపిల్లయిన పిన్ని వాళ్ళ అమ్మని అప్పటికే పొరుగూరు పంపేశారట. రెండు రోజులు తలుపు కొట్టిన చప్పుడు వినపడినా, దయ్యమనుకుని ఎవరూ వెళ్ళలేదట.

మన ఇంటికి సున్నం ఎందుకు వెయ్యరని చిన్నప్పుడు నేనడిగితే, అచ్చిరాదనేవాడివి నాన్నా.

ఇప్పుడు స్టోరు గదికి తాళం వేసేముందు "ఎవరైనా ఉన్నారా?" అని పిలుస్తున్నాను. మేడమ్ "ఖలాస్, యల్లా!" అని, అంటే చాలు, ఇక పద అని, నవ్వుతుంది. తాళం వేశాక కూడా చెవి ఆనించి వింటున్నాను.

జ్వరం తగ్గాక నిన్ననే పిన్ని నాతో మాట్లాడింది.

"చదువుకున్నదానివిగా, రాసి కనుక్కో. మీ ముసలాడు లోపలికెళ్ళి చూశాడా, గుమ్మంలోంచే గీసేశాడా? మా అమ్మ పోయేదాకా అదే అడిగేది."

కాపురానికొచ్చిన కొత్తలో మామగారి వెనక ముంత మోసేదాన్నని నాయనమ్మ చెప్పేది. అది ఏం ముంతో నేనెప్పుడూ అడగలేదు.

చెల్లిని నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని మెల్లగా అడగమను. ఏడిస్తే ఏడవనివ్వండి. నా మీద కోపం వద్దు, మీ దీవెన కావాలి. పరువు కోసం కల్పించి రాయించకు నాన్నా. చూశాడో, చూడలేదో, ఆమె చెప్పింది చెప్పినట్టే రాయించి, ఇరవయ్యో తేదీలోపు నా చేతికి అందేలా పంపు.

నీ సత్యవతి