నానో చుక్కలు, అరవై రెండు శాతం

జూన్ 1, ఉదయం 9:40, జగ్గయ్యపేట
ఈ రోజును చరిత్ర గుర్తుంచుకోవాలి. కనీసం నేనైనా.

భవానీప్రసాద్ గారి ల్యాబులో నా ప్రొబేషన్‌కు ఇది ఆఖరి నెల. పని: నాసిరకం సున్నపురాయిని పొడి చేసి, నీళ్ళలో కలిపి, మందులు వేసి గాలి ఊదాలి. సున్నపు రేణువులు బుడగలకు అతుక్కుని నురగగా పైకొస్తాయి, ఇసుక అడుగున ఉండిపోతుంది. నురగను చిన్న తెడ్డుతో లాగి, ఆరబెట్టి, తూచి, రాయిలోని సున్నంలో నూటికి ఎంత చేజిక్కిందో లెక్కకట్టాలి. ప్రస్తుతం అరవై రెండు. నెలాఖరుకు డెబ్బై అయిదు చేస్తే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే నందిగామలో బావ జిరాక్స్ షాపు.

నా ఆయుధం: నానో రేణువులు. తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటాయి. సున్నపు రేణువును పట్టుకుని బుడగకు అంటిస్తాయట.

ప్రతిజ్ఞ:
1. ప్రతి పరీక్షా మూడుసార్లు.
2. నురగ తీసేది నేనే. ఫోన్లో టైమరు పెట్టి, పది సెకన్లకోసారి.
3. నాలుగు గంటలు ఆరాకే తూకం.
4. వచ్చిన అంకే రాయాలి. ప్రాణం పోయినా.

జూన్ 3, సాయంత్రం 5:00
నానో వేశా. 61, 62, 61. విజ్ఞానం నెమ్మదిగా నడుస్తుందని తెలుసు. వెనక్కి నడుస్తుందని సిలబస్‌లో లేదు.

జూన్ 8
మూడుసార్లెందుకు? రెండు చాలు. ఇది ప్రతిజ్ఞాభంగం కాదు, సవరణ. రాజ్యాంగానికే వందకు పైగా ఉన్నాయి.

జూన్ 12
ఒకటి చాలు.

జూన్ 13, ఉదయం 11:20
పరీక్ష మధ్యలో అక్క మైథిలి ఫోన్. జిరాక్స్ మిషన్ పక్కన నాకోసం కుర్చీ కూడా వేయించారట. ఆ శుభవార్త వినడానికి బయటికెళ్తూ తెడ్డు వలీబీ చేతికిచ్చా. వలీబీ ఇక్కడ అటెండరు, పదిహేనేళ్ళ సర్వీసు. నేను అక్కా అంటా, ఆమె సారూ అంటుంది. ఆ సారూలో గౌరవం నూటికి ఎంతో ఇంకా పరీక్షించలేదు.

మధ్యాహ్నం 3:50
డెబ్బై ఆరు! నానో జిందాబాద్! రెండో నియమం సంగతంటారా, తననెవరు తీస్తున్నారో నురగకు తెలుస్తుందా ఏమిటి.

జూన్ 15
భవానీప్రసాద్ గారికి చెప్పా. ఆయన ఈ పని అప్పగించిన సిమెంటు కంపెనీకి చెప్పారు. 27న వాళ్ళు స్వయంగా చూడటానికి వస్తారట. ఇంకోసారి చేసి చూద్దామని నేను అనేలోపు స్వీట్లొచ్చాయి. నోట్లో స్వీటుండగా మాట స్పష్టంగా రాదు.

జూన్ 19
వలీబీ చుట్టాల పెళ్ళికని చందర్లపాడు వెళ్ళింది. నేనే తీశా. 63. నానో సీసా సరిగా కుదిపి ఉండను.

జూన్ 20
కుదిపా. 62. వోల్టేజీ లోపం.

జూన్ 22
రెండు గంటలు ఆరగానే తూచా. 69. తడి మాత్రం రాయిది కాదా?

జూన్ 24
వలీబీ వచ్చింది. మందులు వేసేసి, తెడ్డు ఆమెకిచ్చి టీకి వెళ్ళా. ఆరబెట్టి తూస్తే 77. గెంతులు వేస్తూ బల్లవైపు చూశా. నానో నింపిన సిరంజి నిండుగా అక్కడే ఉంది. ఒక్క చుక్కా పడలేదు.

ఎలా తీశావక్కా అని అడిగా.

“నువ్వు ఫోను చూసి తీస్తన్నావు సారూ. నేను నురగని చూసి తీస్తన్నా.”

చిక్కబడ్డప్పుడే లాగుతుందట. తెడ్డు లోతుకు దించదట, దించితే ఇసుక కూడా వస్తుందట. ఇది ఇన్నేళ్ళలో ఎవరికైనా చెప్పావా అన్నా. ఎవరూ అడగలేదు, నువ్వూ నీ ఉద్యోగం మీదకొచ్చాకే అడిగావు అంది.

మరి నానో పనిచేస్తుందా? తెలీదు. నా ఇరవై నాలుగు రోజుల కృషి ఫలితంగా ఇంకెవరికీ తెలీదు.

జూన్ 27, ఉదయం 9:15
కంపెనీ మేడమ్ ప్రమీలారాణి గారు కీసర టోల్‌గేటు దాటారట. భవానీప్రసాద్ గారు వలీబీని స్టోర్ రూములోకి పంపేశారు. కంపెనీ వాళ్ళకు ఎం.టెక్ చదివిన నా చేయి కనపడాలట.

మధ్యాహ్నం 3:00
అరవై నాలుగు. భవానీప్రసాద్ గారు నన్ను వరండాలోకి లాగి, “డెబ్బై ఆరని చెప్పవయ్యా. ఆవిడేమన్నా మళ్ళీ తూస్తుందా?” అన్నారు.

లోపలికెళ్ళి చెప్పా. నాలుగో నియమానికి శ్రద్ధాంజలి.

మేడమ్ సంతోషించారు. “బావుంది బాబూ. రాత్రి దాకా నాకు ఖాళీయే. ఇంకోసారి చెయ్యి, పక్కనే కూర్చుంటా.”

తెడ్డు పట్టుకున్నా. నురగ వైపు చూశా. అది చిక్కబడిందో లేదో నాకు నిజంగా తెలియలేదు.

“ఇందాకటిది అరవై నాలుగేనండి. డెబ్బై ఆరు వలీబీ గారి చేతిది. ఆవిడ స్టోర్ రూములో ఉన్నారు.”

భవానీప్రసాద్ గారు గోడవైపు తిరిగి క్యాలెండరు చదువుకోసాగారు.

జూన్ 30
పర్మనెంటు తప్పింది. జిరాక్స్ షాపూ తప్పింది. ప్రొబేషన్ ఇంకో నెల. మేడమ్ అడిగింది చాలా చిన్న కోరిక: ఒకే చేత్తో నానో వేసి మూడు, వేయకుండా మూడు. ఆ చేయి వలీబీది. ఆమె దగ్గర నేర్చుకోవడం నా డ్యూటీ. ఆర్డర్లో అలాగే టైపు చేశారు, సంతకం పెట్టా.

జూలై 1, ఉదయం 9:40
ప్రతిజ్ఞ. ప్రతి పరీక్షా మూడుసార్లు. వచ్చిన అంకే రాయాలి.

సాయంత్రం 5:10
నా చేత్తో మొదటిది: 65. రాశా. ఇంటికెళ్ళే నందిగామ బస్సుకని బ్యాగు సర్దుకుంటుంటే వలీబీ తెడ్డు కడిగి నా చేతిలో పెట్టింది. ఇంకా రెండున్నాయి కదా అంది. బస్సు వెళ్ళిపోతుందక్కా అన్నా.

“పోనియ్యి సారూ. ఇంకోటొస్తది.”