పన్నెండు గంటల పది నిమిషాలకు నేను డ్యూటీలోనే ఉన్నాను

హార్లో కౌంటీ (కాన్సాస్) ప్రాసిక్యూటర్ గారి సముఖమునకు,
కౌంటీ ఆసుపత్రి వంటమనిషి వెర్నా కుచెరా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గత గురువారం మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నట్లు ధ్రువీకరించి, నా చేతికి బిడ్డనిచ్చిన తల్లిని వెతకడం మానుకొనుట గురించి.

1. పెంచలేని పసిబిడ్డను తల్లి ఆసుపత్రికి తెచ్చి, డ్యూటీలో ఉన్న ఉద్యోగి చేతికిచ్చినచో పేరు అడగరాదు, కేసు పెట్టరాదు అని చట్టము. మా గేటు దగ్గర బోర్డు కూడా కలదు. ఆ రోజు 12.10కి వంటగది వెనుక తలుపు వద్దకు ఒక అమ్మాయి తువాలులో చుట్టిన మగబిడ్డతో వచ్చినది.

"మేడం, మీరు డ్యూటీలో ఉన్నారా?" అని అడిగింది.

"చేతిలో గరిటె కనబడట్లేదుటమ్మా?"

"అలా కాదండీ. ఉన్నానని చెప్పండి."

"ఉన్నానమ్మా, ఉన్నాను."

అప్పుడు ఇచ్చింది. "ఇప్పుడే పాలు తాగాడు. ఎడం భుజం మీదేసుకుని నిమిరితేనే తేనుస్తాడు" అని నా భుజం మీద తనే సర్ది వెళ్ళిపోయింది.

2. మా ఆసుపత్రి హాజరు యంత్రము ప్రతి ఉద్యోగికీ పన్నెండు నుండి పన్నెండున్నర వరకు భోజన విరామము దానంతటదే రాసుకొనును. ఆ వేళ రెండువందల మందికి వడ్డించేదెవరో దానికి అక్కరలేదు. ఆ అరగంట నేను కూర్చున్న పాపాన పోలేదని తొమ్మిదేళ్ళుగా మొత్తుకొనుచున్నాను. "రికార్డులో ఉందిగా వెర్నా, తిన్నట్టే లెక్క" అనేవారు మేనేజరు టాల్బట్ గారు. ఇప్పుడు వారే, విరామంలో ఉన్న మనిషి చేతికిస్తే అది అప్పగించడం కాదు, పారేయడమేనని తమకు లేఖ రాసిరి. నేను తినని తిండి ఒక పిల్లను జైలుకు పంపబోవుచున్నది.

3. బిడ్డను పరుగున నర్సుకు అప్పగించి వచ్చేసరికి పొయ్యి మీద మాంసం, చిక్కుడుగింజల చిల్లీ కూర అడుగంటినది. అందుకు టాల్బట్ గారు ఇచ్చిన మెమో జతపరచితిని. "12.14కి విధి నిర్వహణలో అజాగ్రత్త" అని అందులో స్పష్టముగా ఉన్నది. చిల్లీకి డ్యూటీలో ఉన్న నేను, బిడ్డకు ఎట్లు లేకపోతిని?

4. అయ్యా, ఆ పిల్ల బోర్డు చదువుకుని, అడగవలసిన మాట అడిగి మరీ ఇచ్చింది. ఉన్నానన్నది నేను. నా మాట నమ్మినందుకా దాన్ని పట్టుకుంటారు?

కావున మెమో నిజమా, యంత్రము నిజమా తామే తేల్చి, మెమో వైపే మొగ్గవలెనని వేడుకొనుచున్నాను. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వెర్నా కుచెరా

తా.క.: పైన రాసినదంతా అక్షరాలా నిజం. విచారణకొచ్చిన మీ డిటెక్టివ్‌కి మాత్రం ఆ అమ్మాయి ముఖం చూడలేదని చెప్పాను. అది అబద్ధం. కోర్టులో బైబిల్ మీద చెయ్యి పెట్టించినా చూడలేదనే చెబుతాను.