కొసరుకు పైసలా?

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున అలియాబాద్ దగ్గర కారు ఆపాను. రోడ్డు పక్కన నువ్వు జామకాయల గంప పెట్టుకున్న చోట ఇప్పుడు నీ స్నేహితురాలు రజియా కూర్చుంటోంది. రెండు కిలోలు కొన్నాను. తూచి ఇచ్చాక పైన ఇంకో పెద్ద కాయ వేసింది. మొహమాటపడి దానికీ డబ్బు ఇవ్వబోయాను.

"గిదేంది బిడ్డా! కొసరుకు పైసలిస్తరా? మీ అవ్వ ఏనాడన్న తీసుకున్నదా?" అని కసిరింది.

సిగ్గేసింది. డబ్బును నేను చిన్నచూపు చూడను. నీ మోకాళ్లకు ఆపరేషన్ చేయించింది అదే. మళ్లీ నడిచిన రోజు "పైసలకు దండం పెట్టు బిడ్డా" అని నువ్వే అన్నావు, పెట్టాను కూడా. కానీ ఎవరేమిచ్చినా ముందు పర్సు తీయడం ఎప్పుడు అలవాటైందో తెలియదు.

ఇంటికొచ్చి కొన్న కాయలన్నీ పిల్లలకు ఇచ్చేశాను. కొసరు కాయ మాత్రం ఉప్పూకారం అద్దుకుని నేనే తిన్నాను. ఎంత గిరాకీ ఉన్నా గంప అడుగున మనవరాలి కోసం ఒక మంచి కాయ దాచేదానివి. బడి నుంచి రాగానే చేతిలో పెట్టి "గిది నీ కొసరు" అనేదానివి.

నేనేం కొన్నానని అవ్వా, నాకు కొసరు?