యమునాబాయి చంకలోని బిళ్లలు ప్లేగు కావని మనవి

నాందేడ్ జిల్లా అవ్వల్ తాలూక్దార్ దొరవారి సముఖమునకు,
బిలోలి తాలూకా చింతలవాడి రైతు పోశన్న చేసుకొను మనవి.
ఆజుర్ నెల, 1345 ఫసలీ.

అయ్యా,

విషయం: నా భార్య యమునాబాయికి ప్లేగు లేదనియు, మమ్ములను తిరిగి ఊరిలోనికి రానిప్పించవలెననియు.

1. నా భార్యకు ఎడమ రొమ్ములో గడ్డ లేచినది. అది రాచపుండు అని నాందేడు ఆసుపత్రి డాక్టరుగారు తేల్చి, కోసి తీసివేసినారు. చంకలోని బిళ్లలు గూడ తీసి చూడవలెననియు, రోగము రొమ్ములోనే ఆగినదా, అవతలికి పాకినదా అను సంగతి అవే చెప్పుననియు ముందుగానే నాకు తెలిపినారు. ఆ బిళ్లలను సీసాలో వేసి హైదరాబాదుకు పరీక్షకు పంపినారు. జవాబు రావలసి ఉన్నది.

2. తిరిగి వచ్చునప్పుడు ధర్మాబాదు స్టేషనులో నా భార్య నా చేయి పట్టుకొని, "రొమ్ము తీసిండ్రని చావిడిల చెప్పకు. చంకల బిళ్ల తీసిండ్రను, చాలు" అన్నది. అంతమంది మగవారిలో ఆ మాట రావడము ఆమెకు ఇష్టము లేదు. నేను అట్లే చెప్పితిని. ప్లేగు వచ్చిన యేడు మా ఊరిలో చంకలో బిళ్ల లేచినవారెవరూ బ్రతుకలేదు. అది అప్పుడు నాకు తోచలేదు.

3. పోలీసు పటేలు శంకర్రావు గారు ఆ సాయంత్రమే మమ్ములను ఊరవతల జొన్నచేనులోని గుడిసెకు పంపి, ప్లేగు ఇంటిలోనికి ఎండ పడవలెనని మా ఇంటి పెంకులు విప్పించినారు. ఆయన మీద నాకు కోపము లేదని వ్రాయవలెను గాని, ఉన్నది. ఆయన అన్నలిద్దరూ ప్లేగులోనే పోయినారు, ఎరుగుదును. అయినను ఊరిలో ఒక్క ఎలుకైనా చచ్చినదా, ప్లేగు మనిషి రైలెక్కి వచ్చునా అని అడిగితిని. ఆయన దూరము నుండియే చేయి ఊపి వెళ్లిపోయినారు.

4. ఉన్నది చెప్పరాదా అని తమరు అడుగుదురు. చెప్పుతానని నేను ఆమెను బతిమాలితిని. "చస్తె ఈడనే చస్త గని ఆ మాట పలకనియ్య" అన్నది. తమరు చాల దూరమున ఉన్నవారు గనుక తమకు మాత్రము వ్రాయుచున్నాను.

5. పొరుగింటి పెంటవ్వ రొట్టెలు తెచ్చి గట్టు మీది రాతిపై పెట్టి, గట్టు దాటక మరలిపోవును. వారిద్దరూ కాపురానికి వచ్చిన నాటి నుండి ఒకరి తల ఒకరు దువ్వుకున్నవారు. ఇప్పుడు యమునాబాయి ఎడమ చేయి భుజము దాటి లేవదు. నేను దువ్వబోతే చిక్కులు పడుచున్నవి. ఆమె పొద్దంతా గట్టు వైపే చూచును. నేను ఉన్నాను గదా అంటిని. "నువ్వున్నవ్ లే" అన్నది.

6. కావున దొరవారు ఆసుపత్రి నుండి నిజము తెలుసుకొని, ఇది ప్లేగు కాదని మా ఊరిలో దండోరా వేయించవలెను. రోగము పేరు మాత్రము చెప్పించరాదు. ఏ రోగమని ఎవరైన అడిగిన యెడల, అది సర్కారుకు తెలుసునని చెప్పించవలెను.

ఉర్దూ వ్రాయు మున్షీ గుడిసె దరికి రానందున, వచ్చిన తెలుగులోనే వ్రాసుకొన్నాను. కాగితమునకు వేపాకు పొగ పట్టించితిని. ప్లేగు లేదు, అయినను పట్టించితిని. దొరవారు నిర్భయముగా ముట్టవచ్చును.

ఊరు బయట కూర్చుండి వ్రాసిన ఈ మాటలు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పోశన్న

మళ్లీ వ్రాయునది: కాగితము మడుచుచుండగా ఆసుపత్రి కబురు తెచ్చిన చప్రాసీ వచ్చినాడు. భయపడి గట్టు మీదనే నిలిచి అరిచి చెప్పినాడు. బిళ్లలలో గూడ రోగమున్నదట. ఇంక కోసి లాభము లేదట. ఆమె గూడ విన్నది. "పెంటవ్వ అస్తె మంచిగుండు" అన్నది.

దొరా, దండోరా వద్దు. పెంకులు ఎప్పుడు వేసినా సరే. పెంటవ్వ ఒక్కదాన్ని గట్టు దాటి రానియ్యుమని పటేలుకు ఒక ముక్క రాయుండ్రి. తల దువ్వి పోతది. నాకు జడ వేయ వస్తలేదు.